ఊపిరికి గొడుగు

ఆ వానాకాలమంతా మా ఇంట్లో నలుగురం ఒక మోటారుసైకిలు ఊపిరి గురించే మాట్లాడుకున్నాం. అంతకు ముందు రెండు నెలలు ఎవరం ఎవరితోనూ సరిగా మాట్లాడుకోలేదు. కాబట్టి అది మెరుగే.

బండి మామయ్యది. ఉద్యోగం కూడా ఆయనదే. ఏటికి ఎగువన రాతి వంతెన కాలికి ఆనించి, అడుగులూ అంగుళాలూ గీసిన స్తంభం ఒకటి ఉంది. గేజి అంటారు దాన్ని. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి నీళ్ళు ఏ గీత దాకా వచ్చాయో చూడాలి. చూసి, తొమ్మిది కిలోమీటర్లు వెనక్కి వచ్చి లాకుల దగ్గర లస్కరుకి చెప్పాలి. వంతెన దగ్గరే కాదు, ఆ దారి పొడుగునా ఫోను పలకదు. ఆ అంకెను బట్టి లస్కరు షట్టర్లు లేపి నీటిని పక్క కాలువలోకి మళ్ళిస్తాడు. అంకె ఆలస్యమైతే ఏరు ఎవరి కోసమూ ఆగదు, నేరుగా మా పల్లపు వీధుల్లోకి వస్తుంది.

పద్నాలుగేళ్ళు మామయ్య ఆ బండి మీదే వెళ్ళారు. ఆ వేసవిలో మా మరిదికి బుద్ధి పుట్టింది. లేతు షాపులో పనిచేస్తాడు, చేతిలో పనితనం ఉంది, దాన్ని దేనిమీదో ఒకదానిమీద చూపించాలి కదా! సీటు కింద గాలి ఫిల్టరుని దాచిపెట్టే నల్లటి పెట్టె ఉండేది. దాన్ని పీకేసి, బోర్లించిన గ్లాసంత కొత్త ఫిల్టరు ఒకటి బయటికి కనిపించేలా బిగించాడు.

"ఇప్పుడు చూడండి, బండి గుండెల నిండా ఊపిరి పీలుస్తుంది," అన్నాడు.

పీల్చింది, నిజమే. బుస్సుమని బుసకొడుతూ వీధి చివరిదాకా వినిపించేది. అత్తయ్య దానికి రాకాసి అని పేరు పెట్టింది. మామయ్య మాత్రం బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. "ఒంటిమీద బట్ట ఊడదీసి పరుగు పందేనికి పంపినట్టుంది," అన్నారు. ఆ రోజునుంచి ఆ బండిని ముట్టుకోలేదు, కొడుకుతో మాట్లాడలేదు. అటకమీది పాత సైకిలు దించుకుని, యాభై ఎనిమిదేళ్ళ వయసులో రోజూ మూడుసార్లు దాని మీదే వంతెన దాకా తొక్కారు. కోపానికి కాళ్ళుంటే ఎంత దూరమైనా తొక్కుతుంది గానీ, మొదటి వాన పడిన రోజు కట్ట మీద బురదలో సైకిలు జారి ఆయన కాలు విరిగింది.

కట్టు కట్టించి ఇంటికి తీసుకొచ్చాక అందరం ఆయన మంచం చుట్టూ చేరాం. మా ఆయన లారీ మీద దూరాన ఉన్నారు; మరో రెండు నెలల దాకా రారు.

"రేపు ఆరింటికి ఎవరు వెళ్తారు?" అన్నారు మామయ్య పైకప్పును చూస్తూ.

"నేను వెళ్తాను," అన్నాడు మరిది.

"మధ్యాహ్నం పన్నెండింటికి లేతు షాపువాళ్ళు పని ఆపి సాగనంపుతారా?" అన్నారు. ఆ మాట కూడా కొడుకుతో కాదు, పైకప్పుతోనే.

"నేను వెళ్తాను మామయ్యా," అన్నాను.

అత్తయ్య కుట్టుమిషను టకటక ఆగిపోయింది. వీధిలో సగం మంది బట్టలు ఆవిడే కుడుతుంది. ఏం జరిగినా ఆ మిషను ఆగదు.

"నువ్వా? దేని మీద?"

"రాకాసి మీద."

"నీకు బండి నడపడం వచ్చా?"

"పుట్టింట్లో మా అన్నయ్యతో పోట్లాడి నేర్చుకున్నాను."

"పెళ్ళై నాలుగేళ్ళైంది. ఒక్కనాడూ చెప్పలేదేం?"

"మీరెప్పుడూ అడగలేదుగా అత్తయ్యా."

మరిదికి నవ్వొచ్చింది. తండ్రి మొహం చూసి నవ్వు మింగేశాడు.

మామయ్య నావైపు తిరిగారు. "గేజి చదవడమంటే గోడమీద అంకె చదవడం కాదమ్మాయ్. అల లేచినప్పుడు ఒక గీత, పడ్డప్పుడు ఒక గీత కనిపిస్తుంది. రెండూ అబద్ధమే. మూడు అలలు పోనిచ్చి, మధ్యలో నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో అది నిజం."

"మూడు అలలు చూస్తాను."

"చూసి, మళ్ళీ చూడాలి."

మూడు రోజులు బాగానే గడిచాయి. మబ్బు పట్టడమే గానీ చినుకు లేదు. నేను గుడ్డ సంచీలో గేజి అంకెలు రాసే పుస్తకం పెట్టుకుని, బుస్సుమంటూ వెళ్ళి, బుస్సుమంటూ వచ్చేదాన్ని. ఇంటికి రాగానే మామయ్య అడిగేది ఒకటే మాట, "మళ్ళీ చూశావా?" రెండుసార్లు చూశానని చెప్పేదాన్ని. అయినా సాయంత్రం లస్కరుకి ఫోను చేసి, నేను ఇంట్లో చెప్పిన అంకె, లాకుల దగ్గర చెప్పిన అంకె ఒకటేనా అని కనుక్కునేవారు. వినపడనట్టు ఊరుకునేదాన్ని. ఆ ఉద్యోగం నాకు నచ్చింది. ఏటి ఒడ్డున నిలబడి మూడు అలలు లెక్కపెట్టడంలో ఒక గౌరవం ఉంది. ఆ కాసేపు ఊరంతా మన కళ్ళతోనే చూస్తుంది.

నాలుగోనాడు మధ్యాహ్నం వాన పట్టుకుంది. గేజి పది అడుగులు దాటింది. పది దగ్గర షట్టర్లు లేపాలి. పుస్తకంలో రాసుకుని బండెక్కాను. మూడు కిలోమీటర్లు వచ్చానో లేదో, రాకాసి దగ్గడం మొదలుపెట్టింది. ఉలిక్కిపడినట్టు ఒకసారి ముందుకు గెంతింది, నల్లటి పొగ వదిలింది, ఆగిపోయింది. ఎన్నిసార్లు కిక్కు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. సీటు కిందికి వంగి చూస్తే ఫిల్టరు తడిసి ముద్దై, నీళ్ళలో ముంచి తీసిన వత్తిలా ఉంది.

ఆరు కిలోమీటర్లు బండిని తోసుకుంటూ వచ్చాను. దారిలో ఒక్క మనిషి ఎదురుపడలేదు. లాకుల దగ్గరికి చేరేసరికి రెండు గంటలు గడిచిపోయాయి. నాకంటే ముందే నీళ్ళు వచ్చేశాయి.

మర్నాడు పొద్దున ఇటుకల పిన్ని మా గుమ్మంలోకి వచ్చింది. పల్లపు వీధి చివర ఆవిడ పచ్చి ఇటుకలు కోసి ఆరబెడుతుంది. కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. చేతిలో ఉన్న బంకమట్టి ముద్దను గడప మీద పెట్టింది.

"ఇది నిన్న మధ్యాహ్నం దాకా ఇటుక," అంది. "ఇలాంటివి ఎనిమిది వేలు. నెల రోజుల పని."

 లోపల మంచం మీంచి మామయ్య, "తప్పు మాదేనమ్మా," అన్నారు.

"తప్పు ఎవరిదని అడగడానికి రాలేదన్నయ్యా. మళ్ళీ కోయడం మొదలుపెట్టనా, మానేయనా? అదొక్కటి చెప్పండి."

ముద్దను గడప మీదే వదిలేసి ఆవిడ వెళ్ళిపోయింది.

"నా చేతికర్ర ఇలా ఇవ్వండి," అన్నారు మామయ్య. "రేపట్నుంచి నేనే వెళ్తాను."

"ఏ కాలితో?" అంది అత్తయ్య.

నేను ఆయన మంచం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "మామయ్యా, నేను అంకె తప్పు చదవలేదు. బండి ఆగింది. బండి సంగతి నేను తేలుస్తాను. ఇంకోసారి ఆలస్యమైతే ఆ పుస్తకం మీ చేతికిచ్చి ఇంట్లో కూర్చుంటాను."

ఆయన నా మొహంలోకి చూశారు.  చేతికర్ర మళ్ళీ అడగలేదు.

పెరట్లో మరిది బండి ముందు గొంతుక్కూర్చుని, ఫిల్టరును గుడ్డతో ఒత్తుతున్నాడు.

"ఆ పాత పెట్టె మళ్ళీ బిగించు," అన్నాను.

"లేదు వదినా."

"లేదంటే?"

"పాత ఇనుములో వేసేశాను. అది బిగించే కొక్కేలు కూడా కోసేశాను. చూడ్డానికి బాగుంటుందని."

"కొత్తది కొందాం."

"ఈ మోడలు ఆగిపోయి పదేళ్ళైంది. వెతికితే ఎక్కడో దొరుకుతుంది. వానలు వెలిసే లోపు మాత్రం దొరకదు."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

వాడు తల ఎత్తలేదు. "నాన్న సైకిలెక్కింది నా వల్లే. కాలు విరిగింది నా వల్లే. ఇటుకలు కరిగింది కూడా నా వల్లే. తిట్టు వదినా. ఇంట్లో ఒక్కరూ తిట్టడం లేదు, అదే భరించలేకపోతున్నాను."

"తిట్టడానికి తీరిక లేదు నాకు. ఈ ఫిల్టరు మీద చినుకు పడకూడదు. ఎలా?"

అదృష్టం కొద్దీ ఆ తర్వాత నాలుగు రోజులు వాన తెరిపిచ్చింది. గేజికి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ, మిగిలిన పొద్దంతా మా పెరట్లోనే గడిచింది. వాడు షాపునుంచి ఒక పూట ముందే వచ్చేసేవాడు.

మొదటి ఉపాయం నాదే. ఫిల్టరుకి ప్లాస్టిక్ సంచీ తొడిగి, మెడ దగ్గర రబ్బరు బ్యాండు బిగించాను. వీధి మలుపు దాకా కూడా వెళ్ళలేదు. బండి ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. చూస్తే సంచీ ఫిల్టరుకి చర్మంలా అతుక్కుపోయి ఉంది.

"ముక్కు మూసి పరుగెత్తమంటే ఎలా వదినా?" అన్నాడు మరిది. చాలా రోజుల తర్వాత వాడు నవ్వడం అప్పుడే.

"నీరు పోకూడదు, గాలి పోవాలి. అంతేగా?"

"అంతే. చెప్పడానికి అంతే."

రెండో ఉపాయం అత్తయ్యది. రెయిన్‌కోటు గుడ్డతో చక్కగా టోపీ ఒకటి కుట్టింది, కింద ఎలాస్టిక్ వేసి మరీ. పసిపిల్ల టోపీలా ముద్దుగా ఉంది. దానితో చదును రోడ్డు మీద బండి నడిచింది. వంతెన ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం నల్లపొగ కక్కి చతికిలబడింది.

"నా కుట్టుకి వంక పెట్టకండి," అంది అత్తయ్య ముందే.

"కుట్టు బాగుందత్తయ్యా. మరీ బాగుండటమే చిక్కు. గాలి కూడా దూరడం లేదు."

మూడోది మరిది చేశాడు. ఐదు లీటర్ల నూనె డబ్బాను నిలువునా కోసి, ఫిల్టరు మీద పందిరిలా వంచి బిగించాడు. పక్కలన్నీ తెరిచే ఉన్నాయి, గాలికి లోటు లేదు. వాడు సీటు మీద నిలబడి బిందెడు నీళ్ళు పోస్తే ఫిల్టరు మీద ఒక్క చుక్క పడలేదు. ఇద్దరం గెలిచామనుకున్నాం. అయినా నాకు నమ్మకం కుదరక, వీధి చివర నీళ్ళు నిలిచిన గుంటల్లోంచి నాలుగుసార్లు అటూ ఇటూ నడిపాను. నాలుగోసారికి రాకాసి దగ్గింది.

ఆ పూట మరిది స్పానరు విసిరికొట్టాడు. "పైన కప్పాను, పక్కన కప్పాను. ఎక్కణ్ణుంచి వస్తున్నాయీ నీళ్ళు?"

అత్తయ్య తలుపు దగ్గర నిలబడి దారం నోటితో తెంపుతోంది. "గొడుగు వేసుకుని బజారుకెళ్ళినా ఇంటికొచ్చేసరికి మోకాళ్ళ దాకా బట్టలు తడవవూ?" అంది. "వాన పైనుంచే వస్తుందని ఎవరు చెప్పారు మీకు?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అత్తయ్య గీతలు గీసే సుద్ద ముక్కలు నాలుగు తీసుకుని పొడిచేశాను. నల్ల గుడ్డ ఒకటి ఫిల్టరుకి వదులుగా చుట్టి, దానిమీద పొడి అద్దాను. మళ్ళీ నీటి గుంటల్లో ఒక చుట్టు తిరిగి వచ్చి విప్పి చూశాం. పైన సుద్ద చెక్కుచెదరలేదు. కిందా వెనకా మాత్రం పూర్తిగా కొట్టుకుపోయింది. నీళ్ళు చిమ్ముతున్నది ఆకాశం కాదు, వెనక చక్రం.

"ఛీ!" అన్నాడు మరిది తలమీద కొట్టుకుంటూ. "పాత పెట్టెకి వెనకాల గోడ ఉండేది. అది ఎందుకుందో అనుకుంటూనే పీకాను."

పాత టైరు ట్యూబు కోసి చక్రానికీ ఫిల్టరుకీ మధ్య తెరలా వేలాడదీశాం. డబ్బా అంచులు పదునుగా ఉండి అదురుతుంటే, అత్తయ్య ఆ అంచులన్నిటికీ రబ్బరు పట్టీ వేసి చెప్పులు కుట్టే దారంతో కుట్టింది. ఆవిడ చేయిపడ్డాక అది డబ్బా ముక్కలా లేదు, బండితోపాటే పుట్టినట్టుంది.

కిటికీలోంచి మామయ్య గొంతు వినిపించింది. "గాలికి సందు ఎటు వదిలారు?"

ఎవరిని అడుగుతున్నారో తెలియలేదు. మరిది నావైపు చూశాడు. నేను చెప్పు అన్నట్టు సైగ చేశాను.

"కింద, ముందువైపు. చుట్టూ రెండు వేళ్ళ సందుంది," అన్నాడు వాడు, కిటికీ వైపు చూడకుండా.

 తర్వాత, "మూడు వేళ్ళుండాలి," అంది గొంతు.

మూడు వేళ్ళు చేశాం.

ఐదోనాడు వానలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ తర్వాత నలభై రోజుల్లో రాకాసి దారిలో ఒక్కసారి ఆగలేదు. తుంపరలో వెళ్ళాను, జడివానలో వెళ్ళాను, ఎదురుగాలికి కళ్ళు తెరవలేని వానలో వెళ్ళాను. ఇంటికి రాగానే కిందికి వంగి ఫిల్టరును వేలితో తాకి చూడటం అలవాటైంది. ఎప్పుడూ పొడిగానే ఉండేది. మహా అయితే కాస్త చెమర్చేది, పనిచేసిన మనిషి నుదురులాగా. నేను ఇటుకల పిన్ని దగ్గరికి వెళ్ళి, "కోయడం మొదలుపెట్టు పిన్నీ," అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నీ మాట మీదా?" అంది. "నా మాట మీదే," అన్నాను. ఏమనుకుందో, మర్నాటికల్లా మట్టి కలిపింది.

మామయ్య మాత్రం మారలేదు. "మళ్ళీ చూశావా?" చూశాను మామయ్యా. సాయంత్రం లస్కరుకి ఫోను.

మా ఆయన ఫోను చేసినప్పుడు సంగతంతా చెప్పాను. "నువ్వు బండి నడుపుతున్నావా?" అన్నారు. "నీకు బండి వచ్చా?" వాళ్ళమ్మ అడిగిన మాటే, అదే గొంతు. నవ్వు ఆపుకోలేకపోయాను.

పెద్ద వాన ఆఖరున వచ్చింది. పొద్దున ఆరింటికి గేజి ఏడడుగులు. పన్నెండింటికి తొమ్మిదిన్నర. లస్కరు నిబంధనల మనిషి. ముప్పై ఏళ్ళుగా ఆ గదిలోనే పనిచేస్తున్నాడు. "పది కాలేదుగా, సాయంత్రం చూద్దాం," అన్నాడు. నాకు ఇంటికి పోబుద్ధి కాలేదు. ఏరు ఎర్రబారింది. కొట్టుకొచ్చే కొమ్మలు చిన్నవి కావు, వేళ్ళతో సహా వస్తున్నాయి. ఎగువన ఎక్కడో బాగా కురుస్తోందన్నమాట. రెండింటికి మళ్ళీ వంతెన దగ్గరికి వెళ్ళాను. ఎవరూ వెళ్ళమనలేదు.

గేజి దగ్గరికి దిగే మెట్లలో నాలుగు నీళ్ళలో మునిగిపోయాయి. ఐదో మెట్టు మీద నిలబడ్డాను. ఒక అల. రెండు. మూడు. పన్నెండు. నమ్మబుద్ధి కాక మరో మూడు చూశాను. పన్నెండూ రెండంగుళాలు. నేను చూస్తుండగానే రెండంగుళాలు పెరిగింది.

వెనక్కి వచ్చే దారిలో పల్లం ఒకటుంది. మామూలు వానకు పాదాలు తడుస్తాయి. ఆ రోజు వెళ్ళేటప్పుడు దాటగలిగాను గానీ, వచ్చేసరికి రోడ్డు కనిపించలేదు. అటు ఒడ్డునున్న గట్టు రాళ్ళను బట్టి లోతు అంచనా వేశాను, మోకాలు దాకా ఉంటుంది. 'నీళ్ళు చక్రం ఇరుసు దాటితే ఇంజను ఆపెయ్, దిగి తోయ్. మొండిగా లాగావో, ఫిల్టరు నీళ్ళు తాగి ఇంజనుకి తాగిస్తుంది' అని మరిది నాకు పదిసార్లు చెప్పాడు. ఆపాను. దిగాను. నీళ్ళు నన్నూ బండినీ పక్కకు నెడుతున్నాయి. హ్యాండిలు గట్టిగా పట్టుకుని ఒక్కొక్క అడుగే వేశాను. నడుస్తున్నంతసేపూ నా కళ్ళు సీటు కిందే ఉన్నాయి. నీళ్ళు రబ్బరు తెర అంచుదాకా వచ్చి, అక్కడే ఊగి, దిగిపోయాయి.

అటు ఒడ్డున ఫిల్టరును తాకాను. పైపైన చెమ్మ. కిక్కు కొట్టాను. లేదు. రెండోది. లేదు. మూడోదానికి బుస్సుమంది. ఆ బుసను ఎన్నిసార్లు విసుక్కున్నానో గానీ, ఆ క్షణాన అంత కమ్మటి గొంతు నేనెక్కడా వినలేదు.

లస్కరు పుస్తకంలో అంకె చూసి తల గోక్కున్నాడు. "పన్నెండా? రెండు గంటల్లో రెండున్నర అడుగులా? అలను చూసి ఉంటావమ్మాయ్."

"ఆరు అలలు చూశాను బాబాయ్."

"ఆరు షట్టర్లూ ఒకేసారి లేపితే కాలువ గట్టున నాట్లన్నీ మునుగుతాయి. తప్పైతే నా ఉద్యోగం పోతుంది. ఆఫీసరేమో ఫోను ఎత్తడం లేదు." గదిలో రెండడుగులు అటూ ఇటూ వేశాడు. "ఉండు, పెద్దాయన్ని ఒకమాట అడుగుతాను."

మా ఇంటికి ఫోను చేశాడు. నేను తడిబట్టలతో తలుపు దగ్గర నిలబడి విన్నాను. మామయ్య గొంతు గదంతా వినిపించింది. ఫోనులో గట్టిగా మాట్లాడితే తప్ప అవతలివాళ్ళకు చేరదని ఆయన నమ్మకం.

"ఎంత చెప్పింది?" అన్నారు మామయ్య.

"పన్నెండూ రెండంటోంది. ఇంకా పెరుగుతోందిట. మీరేమంటారు?"

"అమ్మాయి చూసి చెప్పిందిగా?"

"చెప్పింది. అయినా మీరొకసారి…"

"మరి నన్నెందుకు అడుగుతున్నావు?" అన్నారు. ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

లస్కరు నావైపు చూశాడు. తర్వాత గోడకున్న, షట్టర్లు తిప్పే ఇనుప కమ్మీలు రెండు తీశాడు. ఒకటి నాకిచ్చాడు.

ఆరు షట్టర్లు లేపడానికి ముప్పావు గంట పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. చివరి షట్టరు లేచేసరికి ఏరు ఒళ్ళు విరుచుకున్నట్టు కాలువలోకి తిరిగింది. ఆ లోపు లస్కరు పల్లపు వీధికి కబురు పంపాడు. ఇటుకల పిన్నీ, వీధిలో వాళ్ళూ కలిసి ఎండిన ఇటుకలు మెట్ట మీదికి మోసుకుపోయారు. నీళ్ళు రాలేదని కాదు. వచ్చాయి. మూడిళ్ళ గడపలు దాటాయి. ఆవిడ పచ్చి ఇటుకల్లో రెండు వరసలు తడిశాయి. మిగిలిన వీధంతా అలాగే నిలిచింది.

నాట్ల వాళ్ళు మర్నాడు లస్కరు మీదికి వచ్చారు. ఆయన గేజి పుస్తకం తెరిచి, అంకె మీద వేలు పెట్టి చూపించాడట. "అప్పటికే ఇంత. ఇంకో గంట ఆగితే మీ నాట్లే కాదు, మీ ఇళ్ళు కూడా వెతుక్కోవాల్సి వచ్చేది," అన్నాడట. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది.

షట్టర్లు లేపిన ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మామయ్య మంచం దగ్గర పుస్తకం పెట్టాను. ఆయన అడిగే మాట కోసం నిలబడ్డాను. జవాబు నోట్లోనే ఉంది.

ఆయన పుస్తకం తెరవలేదు. "భోంచేశావా?" అన్నారు.

"లేదు మామయ్యా."

"మీ అత్తయ్య వడ్డిస్తుంది. వెళ్ళు. ముందు ఆ చేతులకి ఏదైనా రాసుకో."

నేను వంటింట్లోకి వెళ్తుంటే, వెనక ఆయన గొంతు మళ్ళీ వినిపించింది. "ఒరేయ్."

పెరటి గుమ్మంలో బండి తుడుస్తున్న మరిది గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఆ కింద రబ్బరు ఎడమవైపు వదులైంది. చప్పుడు తెలుస్తోంది. రేపు బిగించు."

"సరే నాన్నా," అన్నాడు వాడు. రేపటిదాకా ఆగలేదు. అప్పుడే స్పానరు తెచ్చుకుని కూర్చున్నాడు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. వాన తగ్గే లోపల మా పెరట్లో పదకొండు బండ్లు నిలబడ్డాయి. పేపర్లు వేసే ఆయన, పాలవాడు, ఇంటింటికీ తిరిగే నర్సమ్మ, ఇటుకల పిన్ని భర్త. అందరూ ఫిల్టరు బయటపెట్టిన వాళ్ళు కాదు. పెట్టె పగిలినవాళ్ళు కొందరు, మూత పోయినవాళ్ళు కొందరు. మరిది కోసేవాడు, అత్తయ్య కుట్టేది. ప్రతి బండికీ సుద్ద అద్ది నీళ్ళలో తిప్పితే తప్ప వదిలేవాడు కాదు. "మీ బండికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో తెలియకుండా కప్పడం నా వల్ల కాదండీ," అనేవాడు పెద్ద డాక్టరులాగా. అత్తయ్య మిషను వెనకనుంచి, "ఆ మాట నాది," అనేది.

మా ఆయన వచ్చే నాటికి మామయ్య కట్టు విప్పేశారు. ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది, మళ్ళీ ఎప్పుడు పనిలో చేరతారని. మామయ్య దానికి స్వయంగా జవాబు రాశారు. మెట్లు తన కాలికి పడవనీ, తన చోట ఎవరిని వేయాలో లస్కరును అడిగితే చెబుతాడనీ. రాసి, ఎవరికీ చదివి వినిపించకుండా అంటించేశారు. పది రోజుల తర్వాత వచ్చిన కాగితం మీద నా పేరుంది.

కొత్త పుస్తకం తెచ్చుకున్న రోజు మధ్యాహ్నం బయల్దేరుతుంటే మామయ్య చేతికర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. "నేనూ వస్తాను. ఏరు చూసి మూడు నెలలైంది," అన్నారు.

బండి చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరిగారు. వంగి, డబ్బా పందిరి కిందికి చెయ్యి పెట్టి ఫిల్టరును తాకారు. సందులో మూడు వేళ్ళు ఆడించి చూసుకున్నారు.  నా భుజం పట్టుకుని వెనక ఎక్కి కూర్చున్నారు.

వంతెన దగ్గర ఆయన పైనే నిలబడ్డారు. నేను మెట్లు దిగి, అలలు చూసి, అంకె రాసుకుని వచ్చాను. ఎంత అని కూడా అడగలేదు. ఏటిని చూస్తూ నిలబడ్డారు, చాలా రోజుల తర్వాత చుట్టాన్ని చూసినట్టు.

తిరిగి వచ్చే దారిలో సగం దూరంలో వాన అందుకుంది. చినుకులు లావుగా పడుతున్నాయి. ఆయన కాలు గుర్తొచ్చి వేగం తగ్గించాను.

"మామయ్యా, ఎక్కడైనా నీడకు ఆపమంటారా?"

"ఎందుకూ?" అన్నారు వెనకనుంచి. "బండి ఆగనంటుంటే."